తోక లేని కాగితం

నవంబరు 3

కోడ్ సంగతులు ఈ పుస్తకంలో రాయకూడదని పెట్టుకున్నాను. వాటికి వేరే చోటుంది. కానీ అక్కడ ఎవరైనా చదవొచ్చు. ఇది ఎవరూ చదవకూడదు.

పొద్దున్న కొట్టు తెరిచేసరికి ఒక ఫిర్యాదు వచ్చి ఉంది. పలాసలో ఉండే రిటైర్డ్ మాస్టారు, కూర్మయ్య గారట. నేను రాసిన 'పుట' యాప్‌లో తన కాగితం తెరిస్తే చివరి వాక్యం కనిపించలేదట. "అమ్మా, మిగతాదంతా చక్కగా ఉంది, ఆఖరు మాట మాత్రం లేదు" అని రాసి ఫోటో కూడా పెట్టారు.

చేతులు చల్లబడ్డాయి. అదే కాగితం నా ఫోన్లో తెరిచాను. చివరి వాక్యం ఉంది. కొట్లో కంప్యూటర్లో తెరిచాను. ఉంది. మూడుసార్లు తెరిచాను. మూడుసార్లూ ఉంది.

"మీ ఫోన్ పాతదై ఉంటుందండీ, నా దగ్గర బాగానే కనిపిస్తోంది" అని జవాబు రాసి ఫిర్యాదు మూసేశాను.

మూసినా భయం పోలేదు. పుట మొదలుపెట్టి రెండేళ్లు. ఈ ప్రింటింగు కొట్టుకి వచ్చేవాళ్లు ఫోన్లో కాగితాలు పట్టుకొచ్చి ఇందులో ఏముందో చూడమ్మా అనేవాళ్లు. అక్షరాలు చీమల్లా ఉండేవి. పెద్దవి చేస్తే వాక్యం తెర దాటిపోయేది, వేలితో పక్కకి లాగి లాగి చదవాలి. అందుకని అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నా వరసలు తెర వెడల్పుకే విరిగి, మళ్లీ పుటలుగా సర్దుకునేలా రాశాను. ఆ సర్దే భాగాన్ని విడిగా ఉంచాను. దాని పేరు పుటకట్టు. ఎవరైనా ఊరికే తీసుకుని తమ యాప్‌లో పెట్టుకోవచ్చు.

'ఎవరైనా తీసుకోవచ్చు' అని రాసిన రోజు ఎంత సంతోషపడ్డానో. ఎవరెవరు తీసుకున్నారో నాకే తెలియదు.

నవంబరు 4

కూర్మయ్య గారు మళ్లీ రాయలేదు. అంటే బాగైపోయినట్టే.

నవంబరు 6

అరుణశ్రీ ఫోన్ చేసింది. మత్స్యకారుల కోసం పనిచేసే చిన్న సంస్థ వాళ్లది. రోజూ మధ్యాహ్నం వాతావరణ సూచన కాగితం వాళ్ల యాప్‌లో పెడుతుంది. యాప్ లోపల పుటలు కట్టేది నా పుటకట్టే. ఇప్పుడు పద్నాలుగు ఊళ్లయ్యాయట, మా ఊరితో కలిపి. నా పేరు కూడా యాప్‌లో వేస్తానంది. వద్దన్నాను. పెట్టేశాక మళ్లీ చేసి వెయ్యమన్నాను.

కొట్టు యజమాని ధర్మారావు గారు కాగితం కట్టలు సర్దుతూ అంతా విన్నారు. "రెండేళ్లు కూకుని రాసినావు, ఊరికే ఇచ్చేసినావు. మా తాత బతికుంటే నిన్ను ఈ కొట్టు మెట్లెక్కనివ్వడు" అని నవ్వారు. భోజనానికి లేస్తూ మాత్రం "పేరు పెద్దచ్చరాలతో ఎయ్యమను" అన్నారు.

ఓటర్ల జాబితా కాకుండా మా ఇంట్లో అచ్చులో పేరు పడ్డది నాదొక్కదానిదే. పదో తరగతి మార్కుల కాగితం మీద. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది.

నవంబరు 9, ఆదివారం

ఇంటికి వెళ్లి వచ్చాను. పూసపాటిరేగలో బస్సు దిగి ఆటో. ఊరంతా రొయ్యపొట్టు ఎండబెట్టిన వాసన.

అయ్య అరుగు మీద సూచన కాగితం తెరిచిన ఫోన్ చేయి చాచి పట్టుకుని, కళ్లు చికిలించి చూస్తున్నాడు. చదవడం లేదు. చదువు రాదు. చూస్తాడు అంతే. "తోక పొట్టి. ఎల్లొచ్చు" అన్నాడు.

నా చిన్నప్పటినుంచీ ఇదే. ఆ కాగితాన్ని తుపాను షెల్టరు గోడకి అంటించే రోజుల్లో చదివిపెట్టేవాళ్లు దొరక్క, అయ్య దాని ఆకారం నేర్చుకున్నాడు. గాలులూ డిగ్రీలూ అన్నీ అయ్యాక అడుగున ఒక వాక్యం విడిగా ఉంటుంది. వేటకు వెళ్లవచ్చు అంటే రెండే మాటలు. వెళ్లరాదు అంటే మాత్రం, వెళ్లినవారు వెంటనే ఒడ్డుకు చేరుకోవాలి అనీ, పడవలు భద్రపరచుకోవాలి అనీ పొడుగ్గా సాగుతుంది. పొట్టి తోక, పొడుగు తోక. అయ్యకి ఇన్నేళ్లూ అదే సరిపోయింది.

ఆగస్టులో ఒకసారి ఆ పొడుగు తోక రెండు పుటల మధ్య విరిగింది. అయ్య ఫోన్లో అక్షరాలు అన్నిటికంటే పెద్దవి, నేనే పెట్టాను. సగం తోక చూసి పొట్టిదనుకున్నాడు. తమ్ముడు ఎల్లాజీ చదివాడు కాబట్టి సరిపోయింది. ఆ వారమే పుటకట్టులో ఒక నియమం చేర్చాను: చివరి వాక్యం విరగకూడదు, పట్టకపోతే మొత్తంగా తర్వాతి పుటకి వెళ్లాలి. అది అయ్య కోసం పెట్టిన నియమం. అరుణశ్రీ మెచ్చుకుంది.

ఎల్లాజీ వల దులుపుతూ, "అయ్య డిగ్రీ అంతా తోకలోనే సేసినాడప్పా" అన్నాడు. నన్ను అక్కా అనడు, మొదట్నుంచీ అప్పా అనే పిలుస్తాడు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అయ్యని కూర్చోబెట్టి, ఆకారం చూసి సముద్రంలోకి దిగకూడదని, మాటలు చదివించుకోవాలని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పానేమో.

అయ్య బుద్ధిగా తలాడించాడు. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వు సెప్పు, నాను ఇంటాను."

నవంబరు 12, మధ్యాహ్నం

అర్ధ సంవత్సరం పరీక్షల ప్రశ్నపత్రాలు. నాలుగు స్కూళ్లవి ఒకేసారి. ఒంటిగంటకి అయ్య ఫోన్ చేశాడు. ఎల్లాజీ డీజిలు తేవడానికి వెళ్లాడట, ఈ రోజు కాగితానికి తోక లేదట. జవాబు చెప్పి పెట్టేశాను. ఏడో తరగతి సోషల్‌లో పటం ఒకటి వేయాలి.

నవంబరు 12, సాయంత్రం

నాలుగుంపావుకి అమ్మ ఫోన్. ఊళ్లోకి మైకు ఆటో వచ్చిందట, ఎవరూ వేటకి వెళ్లొద్దని. అయ్యా ఎల్లాజీ రెండింటికే దిగిపోయారట. ఫోన్లు అందడం లేదు.

గాలి ఇక్కడికీ, విజయనగరానికీ వచ్చింది. కొట్టు ముందు ఫ్లెక్సీ చిరిగి కొట్టుకుంటోంది.

సూచన కాగితం నా ఫోన్లో తెరిచాను. తోక ఉంది. పొడుగ్గా ఉంది. వెళ్లరాదు అని ఉంది. అక్షరాలు ఒక మెట్టు పెంచాను, ఉంది. ఇంకో మెట్టు, ఉంది. అయ్య ఫోన్లో పెట్టినంత పెద్దవి చేశాను.

లేదు.

ఐదు నలభైకి తప్పు దొరికింది. నా నియమంలోనే. చివరి వాక్యం పుటలో పట్టకపోతే తర్వాతి పుటకి పంపమన్నాను. కానీ తర్వాతి పుట తయారయ్యేది, ఆ వాక్యం వెనక ఇంకేదైనా ఉంటేనే. చివరి వాక్యం వెనక ఏముంటుంది? పుట పుట్టదు. వాక్యం ఎక్కడా ఉండదు. రెండు మాటల వాక్యం ఎలాగో పట్టేస్తుంది, కాబట్టి వెళ్లవచ్చు అన్నది ఎప్పుడూ పోదు. పోతే వెళ్లరాదు అన్నదే పోతుంది.

వెంటనే అరుణశ్రీకి చెప్పాను. ఆమె యాప్ ఆపేసి, పద్నాలుగు ఊళ్లకీ తనే గొంతు రికార్డు చేసి పంపుతోంది. పుటకట్టు మొదటి పేజీలో ఎర్ర అక్షరాలతో రాశాను: దీన్ని వాడకండి, చివరి వాక్యం పోతోంది, తప్పు నాది, ఐదు నలభైకి గుర్తించాను.

ఐదు నలభైకి.

కూర్మయ్య గారి ఫోన్ పాతది కాదు. కళ్లు కనపడక అక్షరాలు పెద్దవి పెట్టుకుని ఉంటారు. నేను అడగనైనా లేదు.

నవంబరు 13

మొదటి బస్సుకి ఊరొచ్చాను. వాన అడ్డంగా కొడుతోంది. సముద్రం రోడ్డు దాకా వినిపిస్తోంది.

మా ఊరి నుంచి దిగినవి మూడు పడవలు. మాదొక్కటే అనుకున్నాను. మిగతా రెండూ ఎందుకు దిగాయో షెల్టరులో తెలిసింది. నరసింగరావు మావ పెళ్లాం నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నువ్వే సెప్పినావటగదే. మీ అయ్య ఒడ్డు మీద అందరికీ సెప్పినాడు, నా కూతురు ఎల్లమన్నాదని. ఆ మాట మీద మావోడూ దిగినాడు."

నిన్న మధ్యాహ్నం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. అయ్య అడిగింది ఇది: "అమ్మా, కాగితానికి తోక నేదు. తోక నేని కాగితం నానెప్పుడూ సూడలేదు. ఏటి సెయ్యమంటావు?"

నేను చెప్పింది ఇది: "తోక లేదంటే చెప్పడానికి ఏమీ లేదని అయ్యా. వెళ్లు."

కాగితం తెరవలేదు. నా ముందు కంప్యూటరు ఉంది. ఫోన్ చేతిలోనే ఉంది. తెరవలేదు.

మూడు పడవల్లో తొమ్మిది మంది.

నవంబరు 13, మధ్యాహ్నం

అమ్మ నాతో మాట్లాడుతోంది. అదే భయంగా ఉంది. అన్నం తిన్నావా, తల తడిసింది తుడుచుకో, అంటోంది. అయ్య పేరు ఎత్తడం లేదు. మా వాళ్లలో సముద్రం మీదున్న మనిషి పేరు ఇంట్లో ఎత్తరు. నేనూ ఎత్తలేదు. ఇక్కడ మాత్రం రాసుకుంటాను. దాలయ్య. దాలయ్య. దాలయ్య.

ఫోన్లో పుటకట్టు పేజీ తెరిచి చూశాను. ఎవరో కెన్యా నుంచి రాశారు, నీటి శాఖ నోటీసులకి వాడుతున్నారట, ఎప్పటికి సరిచేస్తారని. సరిచేయడానికి నాలుగు వరసలు చాలు. ఫోన్ బోర్లా పెట్టేశాను.

నవంబరు 14

వచ్చారు.

పదకొండింటికి తెలియని నంబరు. ఎల్లాజీ గొంతు. "అప్పా, కళింగపట్నం ఒడ్డున పడ్డాం. అయ్య బాగున్నాడు." అంతే, కట్టయింది. మళ్లీ కలిపి ఫోన్ అమ్మకి ఇవ్వబోతే తీసుకోలేదు.

రెండు పడవలు అక్కడే చేరాయి. నరసింగరావు మావ పడవ సాయంత్రం దాకా తెలియలేదు. ఇంజను పోయి కొట్టుకుపోతుంటే ఒరిస్సా వైపు వెళ్లే పెద్ద బోటు వాళ్లు తాడేసి లాగారట. తొమ్మిది మందీ ఉన్నారు. వలలు కోసి వదిలేశారు. తాడు ఒరుసుకుపోయి ఎల్లాజీ కుడి అరచేతికి చర్మం లేదు.

సాయంత్రం దాకా మావ పెళ్లాం పక్కనే కూర్చున్నాను. నా వైపు చూడలేదు. లేచి పొమ్మని కూడా అనలేదు.

నవంబరు 15

అయ్యతో చెప్పాను. అంతా. నియమం సంగతి, పుట్టని పుట సంగతి. ఎంత అర్థమయిందో తెలియదు. బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్యే తిప్పుతూ విన్నాడు.

"తోక నేదని నాకు తెల్సు గదా" అన్నాడు. "ఇన్నేళ్లు సూసినాను. కాళ్లు ముందుకి ఎల్లనేదు. అయినా ఎల్లాను. నా కళ్ల మాట కన్నా నీ మాట పెద్దదనుకున్నాను. ఆ తప్పు నాది. నువ్వది మొయ్యకు."

అలా అంటాడని నాకు తెలుసు. అలా అంటే నాకు తేలికవుతుందని కూడా తెలుసు. అందుకే రెండోది చెప్పాను. ఈ పుస్తకానికి కూడా చెప్పనిది.

తప్పు దొరికింది ఐదు నలభైకి కాదు. ఐదింటికి. కొట్లో గోడ గడియారం కొట్టింది, విన్నాను. దొరికాక నలభై నిమిషాలు ఎవరికీ చెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికైనా చెబితే అది నిజమైపోతుందనిపించింది. ముందు సరిచేసి తర్వాత చెబుదామనుకున్నాను. సరిచేయలేదు. ఆ యాప్‌లో నా పేరు అచ్చులో ఉందనుకున్నాను. అది కూడా అనుకున్నాను.

అయ్య బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఆ నలభై నిమిషాల్లో ఎవులైనా దిగినారా?"

తెలియదన్నాను.

"కనుక్కో" అన్నాడు. లేచి ఎల్లాజీ చేతికి కట్టు విప్పడానికి వెళ్లాడు.

నవంబరు 17

విజయనగరం వచ్చేశాను. ధర్మారావు గారు సెలవెందుకని అడగలేదు. ప్రశ్నపత్రాలు ఆయనే కూర్చుని పూర్తిచేశారట. పటం తలకిందులుగా పడింది. "ఏడో తరగతి పిల్లలకి ఉత్తరం దక్షిణం మారిపోనాయి, ఒక్కడైనా కనిపెడతాడేమో సూద్దాం" అన్నారు. నవ్వలేకపోయాను. ఆ పటంతో ఎవరికీ ఏమీ కాదు కదా అని మాత్రం అనుకున్నాను, పదిసార్లు.

నాలుగు వరసలు రాశాను. సరైంది. పాత కాగితాలు ఆరువందలు తిప్పి చూశాను, అన్ని అక్షరాల సైజుల్లో. సరైంది.

అరుణశ్రీకి ఫోన్ చేయాలి.

నవంబరు 18

ప్రశ్నపత్రాల పని. చేయలేదు.

నవంబరు 19

అరుణశ్రీకి పని ఎక్కువగా ఉంటుంది ఈ వారం.

నవంబరు 20

చేశాను. పద్నాలుగు ఊళ్లలో ఆ సాయంత్రం ఐదింటికీ ఆరింటికీ మధ్య ఎవరైనా దిగారా అని అడిగాను. ఎందుకని అడిగింది. ఈ తప్పు మీద పుటకట్టు పేజీలో పెడుతున్న రిపోర్టు కోసం అన్నాను. అబద్ధం కాదు.

నవంబరు 21

ఒక పడవ. భీమిలి వైపు ఊరు, మైకు ఆటో వెళ్లని ఊరు. ఐదూ ఇరవైకి దిగారు. నలుగురు. దిగేముందు ఫోన్లో కాగితం చూసుకున్నారట. రెండు రోజులకి తిరిగొచ్చారు. వాళ్లలో ఒకాయనకి ఇప్పటికీ మాట సరిగ్గా రావడం లేదట, చలికి కాదు, భయానికి అంది అరుణశ్రీ.

ఆయన పేరు అడగలేదు. అడిగితే చెప్పేది.

నవంబరు 23, ఆదివారం

పుటకట్టులో ఒక కొత్తది పెట్టాను. ప్రతి కాగితం పూర్తయ్యాక అడుగున లావుపాటి నల్ల గీత. గీత లేకపోతే కాగితం పూర్తి కానట్టు. చదువు రానివాళ్లకి కూడా తెలుస్తుంది.

రకరకాల సైజుల్లో నలభై పుటలు అచ్చు తీసి ఇంటికి పట్టుకెళ్లాను. కొన్నిట్లో కావాలనే తప్పులు పెట్టాను, ఎన్నో చెప్పలేదు. అయ్య వాటిని అరుగు మీద పరిచి, మీద రాళ్లు పెట్టి, చేపలు ఏరినట్టు ఏరాడు. నేను పెట్టిన తప్పులు ఆరు. అయ్య ఏడు తీశాడు.

ఏడోది చూశాను. గీత ఉంది. తోక ఉంది. బాగానే ఉందయ్యా అన్నాను.

"నడుం సూడు" అన్నాడు. "ఇక్కడ ఊపిరి తీసుకునే సోటు ఉండాల. నేదు."

పుట నడుమ రెండు పేరాలు మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కుపోయాయి. వాక్యాలేవీ పోలేదు. కానీ అది నేను పెట్టిన తప్పు కాదు. నాకు తెలియకుండా ఉన్నది.

బస్సులో వచ్చినంతసేపూ అదే. ఆరువందల కాగితాలు తిప్పి చూశాను. నాకు కనిపించలేదు. ఇంకా ఏమున్నాయి?

నవంబరు 24

కూర్మయ్య గారికి రాశాను. మీరు చెప్పింది నిజం, నేను వినలేదు అని. సాయంత్రానికి జవాబు: "నలభై ఏళ్లు పాఠాలు చెప్పానమ్మా. సరిగ్గా చూడకుండా రైటు కొట్టిన కాగితాలు నాకూ ఉన్నాయి." ఓదార్పో దెబ్బో తెలియలేదు. రెండూనేమో.

నవంబరు 26

రిపోర్టు తెరిచాను. ఐదు నలభై అని ఉంది. మూసేశాను.

నవంబరు 29

అరుణశ్రీ యాప్ మళ్లీ మొదలుపెట్టింది. నేను పెట్టొద్దన్నాను, ఆమె పెట్టింది. మళ్లీ అల్పపీడనం.

పన్నెండున్నర నుంచీ ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంట అయింది. అయ్య చేయలేదు. ఇంక నన్ను అడగడనుకున్నాను. అడగకపోవడమే మంచిదనుకున్నాను. ఒంటిగంటా పదికి మోగింది.

"కాగితం వచ్చినాది. తోక ఉన్నాది, పొడుగ్గా. కింద నీ గీతా ఉన్నాది" అన్నాడు.

వెళ్లొద్దయ్యా అన్నాను. ఎల్లాజీ చేత చివరిదాకా పైకి చదివించమన్నాను. నేనిక్కడ నా ఫోన్లో తెరిచాను. అక్కడ తమ్ముడు కూడబలుక్కుని చదువుతుంటే ఇక్కడ వేలు పెట్టి మాట మాటా సరిచూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. మళ్లీ చదవమన్నాను.

అయ్య ఫోన్ తీసుకున్నాడు. "దాని మీద నీకు నమ్మకం నేదేటి?"

"లేదయ్యా."

"నాకూ నేదు" అన్నాడు. "మంచిదే. ఎల్లను."

పెట్టబోయి ఆగాడు. "ఆ నలభై నిమిషాలది కనుక్కున్నావా?"

ఒక పడవ, నలుగురు అని చెప్పాను.

"వచ్చినారా?"

వచ్చారన్నాను. ఒకాయనకి మాట రావడం లేదని కూడా చెప్పాను. ఆయన పేరు అడిగాడు. తెలియదన్నాను.

అవతల గాలి వినిపించింది కాసేపు.

నవంబరు 30

పొద్దున్న అరుణశ్రీని పేరు అడిగాను. మోహనకృష్ణ. ముప్పై నాలుగేళ్లు. ఐదింటికి నేనేం చేస్తూ కూర్చున్నానో ఆమెకి చెప్పాను. వింది. "సరే" అంది. ఆ సరే ఎలాంటిదో నాకు తెలియదు. వచ్చే ఆదివారం ఆ ఊరు వెళ్తాను. అయ్య తనూ వస్తానన్నాడు.

కొట్టుకొచ్చి రిపోర్టు తెరిచాను. చాలాసేపు చూశాను. తప్పు ఎక్కడుందో ఉంది, ఎలా సరిచేశానో ఉంది, కూర్మయ్య గారి పేరు, క్షమాపణ, అన్నీ చక్కగా కుదిరి ఉన్నాయి. అయ్య చూస్తే ఒక్క చూపుకి చెప్పేవాడు, దీనికి తోక లేదని.

చేతులు ఈసారీ చల్లగానే ఉన్నాయి. అలాగే రాశాను. ఈ పుస్తకంలో దాచుకున్నది అందరూ చూసే చోట రాశాను.

'లోపం దొరికింది ఐదు గంటలకు. నేను చెప్పింది ఐదు నలభైకి. ఆ మధ్యలో, ఐదూ ఇరవైకి, ఈ కాగితాన్ని నమ్మి ఒక పడవ వేటకు వెళ్లింది. అందులో నలుగురున్నారు.'

దాని కింద గీత గీశాను.